మగవాడి కన్నీళ్లు ఎక్కడికి పోతాయి?

దుఃఖం ఇద్దరిదీ ఒకటే, అది కంటిదాకా వచ్చే తీరులోనే తేడా ఉందంటున్నారు శాస్త్రవేత్తలు. ఆ తేడాను తప్పుగా చదివితే నష్టపోయేది ఏడ్చే ఆడవాళ్లూ, ఏడవని మగవాళ్లూ కూడా.

2021 జనవరి 7. సిడ్నీ క్రికెట్ మైదానం. భారత్, ఆస్ట్రేలియా మూడో టెస్టుకు ముందు జనగణమన వినిపిస్తోంది. వరుసలో నిలబడ్డ హైదరాబాదీ బౌలర్ మహమ్మద్ సిరాజ్ చెంపల మీదుగా కన్నీళ్లు కారిపోతున్నాయి. చేత్తో తుడుచుకున్నాడు. మళ్లీ వచ్చాయి. ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ను చేసిన తండ్రి మహమ్మద్ గౌస్ అంతకు ఏడు వారాల ముందు, 2020 నవంబర్ 20న కన్నుమూశారు. ఇంటికి వెళ్లే అవకాశమున్నా సిరాజ్ జట్టుతోనే ఉండిపోయాడు. కొడుకు టెస్టుల్లో ఆడుతుంటే చూడాలన్నది తండ్రి కోరిక. జాతీయ గీతం వస్తుంటే ఆయనే గుర్తొచ్చారని సిరాజ్ తర్వాత చెప్పాడు.

ఆ దృశ్యం చూసి కరిగిపోయినవారే తప్ప వెక్కిరించినవారు దాదాపు లేరు. ఇది చిన్న విషయమేమీ కాదు. ఆ కుర్రాడు పుట్టి పెరిగిన నేల మీదే 'నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదు' అనే సామెత ఇప్పటికీ చలామణిలో ఉంది మరి. ఏడుపు ఆడవాళ్లకు సహజమనీ, మగవాడు ఏడిస్తే అది నటన అయినా అయ్యుండాలి, బలహీనత అయినా అయ్యుండాలనీ ఆ సామెత భావం. తమాషా ఏమిటంటే, గత 30 ఏళ్లుగా దాదాపు ఇదే మాటను మెదడు స్కానింగుల భాషలో చెప్పే ప్రయత్నం జరుగుతోంది. 'ఆడవాళ్ల మెదడు తయారీయే వేరు' అన్న వాక్యం ఆదివారం అనుబంధాల్లో, దాంపత్య సలహాల పుస్తకాల్లో, టీవీ చర్చల్లో ఎన్నిసార్లు వినిపించిందో లెక్కలేదు. ఇంతకీ మెదడు నిజంగా ఏం చెబుతోంది?

ఎనిమిది రెట్ల కథ

ఈ కథ అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డాలో మొదలైంది. అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌లో 1990ల మధ్యలో మార్క్ జార్జ్ అనే సైకియాట్రిస్టు, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. ఏ మానసిక సమస్యా లేని 10 మంది పురుషులను, 10 మంది మహిళలను ఎంచుకున్నారు. ఒక్కొక్కరినీ పెట్ స్కానర్‌లో పడుకోబెట్టి, జీవితంలో తమను బాధపెట్టిన సంఘటనను గుర్తు తెచ్చుకోమన్నారు. అదే సమయంలో కళ్ల ముందు విచారంగా ఉన్న ముఖాల ఫొటోలు ఉంచారు. సంతోషకరమైన జ్ఞాపకాలతోనూ, ఏ భావమూ లేని ముఖాలతోనూ అదే తంతు నడిపించారు. మెదడులో ఏ భాగానికి రక్తప్రవాహం పెరిగితే ఆ భాగం అప్పుడు చురుగ్గా పనిచేస్తున్నట్టు లెక్క.

ఫలితాలు 1996లో ప్రచురితమయ్యాయి. సంతోషం విషయంలో పెద్ద తేడా లేదు. విచారం దగ్గరికొచ్చేసరికి మాత్రం, భావోద్వేగాలకు నెలవైన లింబిక్ వ్యవస్థలో మహిళల్లో చాలా విశాలమైన ప్రాంతం చైతన్యవంతమైంది. పురుషులతో పోలిస్తే అది ఎనిమిది రెట్లు ఎక్కువన్న అంకె పత్రికలకెక్కింది. అంతే, ఆ అంకెకు రెక్కలొచ్చాయి. 'మహిళల మెదడులో దుఃఖానికి ఎనిమిది రెట్ల చోటు' అన్నంతవరకూ వెళ్లింది. ప్రపంచవ్యాప్తంగా మహిళల్లో డిప్రెషన్ పురుషుల కంటే దాదాపు రెట్టింపుగా నమోదు కావడానికి ఇదే కారణమై ఉండొచ్చన్న ఊహను పరిశోధకులే ముందుకు తెచ్చారు. చదివినవారికి అది ఊహగా కాక తీర్పుగా వినిపించింది.

ఆ వార్తల్లో చాలావరకు జారిపోయిన విషయం ఒకటుంది. స్కానింగ్ సమయంలో ఎంత బాధ కలిగిందో చెప్పమంటే పురుషులు, మహిళలు దాదాపు ఒకే స్థాయి చెప్పారు. అంటే మెదడులో వెలుగు ఎంతమేర పరుచుకున్నా, అనుభవించినట్టు చెప్పిన దుఃఖం ఒకటే. నిజానికి ఆ ప్రయోగంలో అన్నిటికంటే ఆసక్తికరమైన ఫలితం ఇదేనేమో.

తర్వాతి కథ ఇంకా చిక్కుగా నడిచింది. 2000లో ఒక జర్మన్ బృందం ఇలాంటి పరిశోధనే చేస్తే, విచారంలో అమిగ్డాలా అనే భాగం పురుషుల్లోనే చైతన్యవంతమైంది, మహిళల్లో కాలేదు. బాదంపప్పు ఆకారంలో ఉండే ఈ అమిగ్డాలాయే భయం, దుఃఖం లాంటి భావాల కబురు అందుకునే ముఖ్య కేంద్రాల్లో ఒకటి. ఒక ప్రయోగం ఆడవాళ్ల వైపు మొగ్గితే మరొకటి మగవాళ్ల వైపు మొగ్గిందన్నమాట. ఇలాంటి పరిశోధనలు పోగయ్యాక వాటన్నిటినీ కలిపి చూసిన స్టీవెన్స్, హామన్ 2012లో మధ్యేమార్గం లాంటి ఫలితాన్ని ఇచ్చారు. బాధాకరమైన విషయాలకు మహిళల్లో ఎడమ అమిగ్డాలా కొంత ఎక్కువగా స్పందిస్తుంది. ఆహ్లాదకరమైన వాటికి పురుషుల్లో ఎక్కువగా స్పందిస్తుంది. తేడా ఉందన్నమాట నిజమే కానీ, అది 'ఎనిమిది రెట్ల' కథ మాత్రం కాదు.

అసలు గొడవంతా సంఖ్యలతోనే. పదిమందిని పదిమందితో పోల్చి చూసినప్పుడు ఇద్దరు ముగ్గురు భిన్నంగా ఉన్నా ఫలితం తారుమారవుతుంది. పైగా తేడా కనిపించిన పరిశోధన పత్రికకెక్కినంత సులువుగా, 'ఏ తేడా లేదు' అన్న పరిశోధన ఎక్కదు. ఇజ్రాయెల్‌కు చెందిన డాఫ్నా జోయెల్ బృందం 2015లో 1,400కు పైగా మెదళ్ల స్కాన్‌లను పరిశీలించింది. ఆసాంతం 'ఆడ' లక్షణాలతోనో, ఆసాంతం 'మగ' లక్షణాలతోనో ఉన్న మెదళ్లు చాలా అరుదని, ఎక్కువమందిలో రెండు రకాలూ కలగలిసి ఉంటాయని తేల్చింది. 2021లో అమెరికన్ శాస్త్రవేత్త లీజ్ ఎలియట్ మూడు దశాబ్దాల పరిశోధనలను తిరగదోడారు. పురుషుల మెదడు సగటున 11 శాతం పెద్దది, శరీరం పెద్దదైనట్టే. ఆ పరిమాణం తేడాను మినహాయిస్తే మెదడు నిర్మాణంలో స్త్రీ, పురుష భేదం వల్ల వచ్చే తేడా దాదాపు ఒక శాతమేనని ఆమె అంచనా వేశారు. దీన్ని ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు, వాదన ఇంకా నడుస్తోంది. కానీ మెదడు బొమ్మ చూసి మనిషి ఏడుస్తాడో లేదో చెప్పేయగలిగే రోజు మాత్రం రాలేదు.

రెండు మిల్లీమీటర్ల దూరం

దుఃఖం వేరు, ఏడుపు వేరు. ఈ సంగతిని ప్యారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆస్పత్రిలో జరిగిన ఒక సంఘటన చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడుతున్న 65 ఏళ్ల మహిళకు వైద్యులు మెదడులో సన్నని ఎలక్ట్రోడ్‌లు అమర్చారు. ఆమెకు అంతకుముందు కుంగుబాటు చరిత్ర లేదు. వణుకు, బిగువు తగ్గించే చోటు కోసం ఒక్కొక్క బిందువునూ పరీక్షిస్తూ, సరైన స్థానానికి రెండు మిల్లీమీటర్ల కింద విద్యుత్తు ఇచ్చారు. కొన్ని క్షణాల్లోనే ఆమె ముఖం వాలిపోయింది. ఏడవడం మొదలుపెట్టింది. బతకాలని లేదంది. విద్యుత్తు ఆపిన 90 సెకన్లలోపే అంతా సర్దుకుంది. కాసేపట్లోనే వైద్యుడితో పరిహాసాలాడింది. 1999లో ఈ ఉదంతం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చినప్పుడు నాడీశాస్త్ర లోకం ఉలిక్కిపడింది.

దీనికి భిన్నమైన ఉదాహరణలు మన న్యూరాలజీ వార్డుల్లోనూ కనిపిస్తాయి. పక్షవాతం వచ్చినవారిలో, నరాలు క్షీణించే జబ్బులున్నవారిలో కొందరికి కారణం లేకుండానే ఏడుపు ముంచుకొస్తుంది. టీవీలో మామూలు ప్రకటన వచ్చినా వెక్కివెక్కి ఏడుస్తారు. లోపల బాధేమీ లేదని వాళ్లే చెబుతారు. 'నాన్నకు పక్షవాతం వచ్చాక మనసు మెత్తబడింది' అని ఇంట్లోవాళ్లు అనుకుంటుంటారు. మెత్తబడింది మనసు కాదు, మెదడులోని బ్రేకు. ఏడుపును ఆరంభించే కేంద్రాలు మెదడు కింది భాగంలో ఉంటే, దానికి పగ్గం వేసే భాగాలు నుదుటి వెనక ఉంటాయి. ఆ రెంటినీ కలిపే తీగలు దెబ్బతింటే ఏడుపు దానంతటదే పొంగుతుంది. దీనికి ప్రత్యేకంగా ఒక మందును అమెరికాలో 2010లో ఆమోదించారు కూడా.

కన్నీటి ప్రయాణం స్థూలంగా ఇది. అమిగ్డాలా, సింగ్యులేట్ వంటి భాగాల్లో పుట్టిన కబురు హైపోథాలమస్ మీదుగా మెదడు కాండానికి చేరుతుంది. అక్కడి నుంచి ముఖనాడి వెంట వచ్చి కంటి పైభాగంలోని కన్నీటి గ్రంథిని తడుతుంది. ఈ దారి ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే. సాధారణంగా ఆదేశం రెండు కళ్లకూ ఒకేసారి వెళుతుంది. ('మహానటి' సినిమాలో సావిత్రి ఎడమ కంటి నుంచి మాత్రమే రెండు చుక్కలు రాల్చే సన్నివేశం చూసి నాడీ వైద్యులేమనుకున్నారో!) నుదుటి వెనక ఉన్న పగ్గాన్ని ఎవరు ఎంత గట్టిగా లాగి పట్టుకుంటారన్నదే తేడా. ఏడుపు ఆపుకుంటున్నప్పుడు గొంతులో ముద్ద అడ్డంపడ్డట్టుంటుంది కదా, అదీ ఇందులో భాగమే. ఎక్కువ గాలి కోసం గొంతు తెరుచుకుని ఉండాలని చూస్తుంది, మింగాలంటే మూసుకోవాలి. ఆ పెనుగులాటే ముద్దలా తోస్తుంది. మగవాళ్లకు బాగా పరిచయమైన ముద్ద అది.

పదకొండో ఏట ఏమవుతుంది?

కన్నీళ్లను లెక్కపెట్టిన తొలి వ్యక్తుల్లో మిన్నెసోటాకు చెందిన జీవరసాయన శాస్త్రవేత్త విలియం ఫ్రే ఒకరు. 1980ల్లో ఆయన వందలాది మందితో ఏడుపు డైరీలు రాయించారు. కొందరికి విషాద చిత్రాలు చూపించి చిన్న గాజు గొట్టాల్లో కన్నీళ్లు పట్టారు. మరోసారి ఉల్లిపాయలతో కన్నీళ్లు తెప్పించి రెంటినీ పోల్చారు. దుఃఖంతో వచ్చిన కన్నీళ్లలో ప్రొటీన్ ఎక్కువని తేలింది. మహిళలు నెలకు సగటున ఐదుసార్లకు పైగా, పురుషులు దాదాపు ఒకసారి ఏడుస్తారని డైరీలు చెప్పాయి. ఏడుపుతో ఒత్తిడి రసాయనాలు శరీరం నుంచి వెళ్లిపోతాయన్న ఆయన సిద్ధాంతం బాగా ప్రచారమైంది కానీ రుజువు కాలేదు. రాలేది కొన్ని చుక్కలే, వాటితో ఎంత విషం పోతుందని?

పుట్టినప్పుడు ఈ లెక్కల్లో తేడా లేదు. పసిబిడ్డలు ఆడైనా మగైనా ఒకేలా గుక్కపెడతారు (మొదటి కొన్ని వారాలు కన్నీరు కూడా రాదు). బడికి వెళ్లే తొలి ఏళ్లలోనూ అంతరం చెప్పుకోదగ్గది కాదు. 11 నుంచి 13 ఏళ్ల మధ్య దారులు చీలిపోతాయి. సరిగ్గా అదే వయసులో రెండు విషయాలు ఒకేసారి జరుగుతాయి. ఒంట్లో హార్మోన్‌లు మారతాయి. 'ఆడపిల్లలా ఏడుస్తావేంరా' అనే మాట ఇంటా బయటా ఎక్కువవుతుంది. ఏది ఎంత పని చేసిందో విడదీయడమే శాస్త్రవేత్తలకు తలనొప్పి.

హార్మోన్‌ల వాటా ఉందని నమ్మడానికి ఆధారాలున్నాయి. పాల ఉత్పత్తికి కారణమైన ప్రొలాక్టిన్ హార్మోన్ యుక్తవయసు నుంచి మహిళల్లో ఎక్కువ. అది ఏడుపు మొదలయ్యే గీతను కిందికి దింపుతుందని ఫ్రే ఊహించారు. టెస్టోస్టెరాన్ ఆ గీతను పైకి జరుపుతుందని మరో ఊహ. టెస్టోస్టెరాన్ చికిత్స మొదలుపెట్టాక ఏడుపు రావడం కష్టమైందని ట్రాన్స్ పురుషులు చెబుతుంటారు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఆ హార్మోన్‌ను తగ్గించే మందులు వాడుతున్న మగవాళ్లలో కొందరు, చీటికిమాటికి కళ్లు చెమరుస్తున్నాయని వైద్యులతో మొరపెట్టుకుంటారు. మీసాలు మెలేసిన పెద్దాయన మనవరాలిని కాపురానికి పంపుతూ భోరుమంటే, ఆయనను మార్చింది వయసు తెచ్చిన వైరాగ్యమే కాకపోవచ్చు.

కానీ హార్మోనే సర్వస్వమైతే ప్రపంచమంతటా తేడా ఒకేలా ఉండాలి. అలా లేదు. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా ఏడుపు మీదే పనిచేసిన ఆడ్ వింగర్‌హూట్స్ బృందం 37 దేశాల సమాచారాన్ని 2011లో విశ్లేషించింది. అన్నిచోట్లా మహిళలే ఎక్కువగా ఏడుస్తారు, నిజమే. కానీ స్త్రీ, పురుషుల మధ్య తేడా ఎక్కువగా ఉన్నది సంపన్న, స్వేచ్ఛాయుత దేశాల్లో. ఏడవడానికి కారణాలు ఎక్కువున్న పేద దేశాల్లో తేడా తక్కువ. అంటే మనిషి ఎన్నిసార్లు ఏడుస్తాడన్నది కష్టాలను బట్టి కాక, ఏడ్చే వెసులుబాటును బట్టి ఉంటుందన్నమాట. పాశ్చాత్య దేశాల్లో మహిళకు ఆ వెసులుబాటు పురుషుడి కంటే ముందు దొరికింది. ఆంగ్లేయ పురుషులు దాదాపు ఏడవరనీ, ఐరోపాలోని కొన్ని ఇతర ప్రాంతాల మగవాళ్లు సులువుగా కన్నీరు కారుస్తారనీ చార్లెస్ డార్విన్ 1872లోనే రాశారు. ఇంగ్లిష్ చానల్ దాటితే హార్మోన్‌లు మారవు కదా.

షామియానా కింద మగవాళ్లు

మన ఊళ్లలో చావింటికి వెళితే ఈ పని విభజన కళ్లకు కడుతుంది. లోపల శవం చుట్టూ ఆడవాళ్లు. పోయినవారి మంచితనాన్ని, చేసిన సాయాన్ని, పెట్టిన కష్టాన్ని రాగం తీసి చెబుతూ శోకాలు పెడతారు. కొత్తగా ఎవరైనా గడప దాటగానే ఏడుపు మళ్లీ పుంజుకుంటుంది. బయట షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్లు. పాడెకు వెదురు, డప్పులవాళ్లు, దూరం నుంచి రావాల్సినవారి ఫోన్‌లు, ఐస్ బాక్సు అద్దె. దుఃఖాన్ని పనిగా మార్చుకోవడం అక్కడ మగవాడి ధర్మం. తండ్రి పోయిన కొడుకు కూడా తలకొరివి పెట్టేదాకా లెక్కలు చూస్తూనే ఉంటాడు. 'వాడు గట్టివాడు' అని మెచ్చుకుంటారు. రాజస్థాన్‌లో ఏడుపును ఏకంగా కూలిపనిగా కింది కులాల మహిళలకు అప్పగించారు. మహాశ్వేతాదేవి కథ ఆధారంగా 1993లో కల్పనా లాజ్మీ తీసిన 'రుదాలీ'లో డింపుల్ కపాడియా పోషించిన శనిచరి తన సొంత కష్టాలకు ఒక్క చుక్క కూడా రాల్చలేని మనిషి.

రాజకీయాల్లో సూత్రాలు ఇంకాస్త విచిత్రం. 2021 జనవరి 28 రాత్రి ఘాజీపూర్ సరిహద్దులో రాకేశ్ టికాయత్ కెమెరాల ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. ముగిసిపోతుందనుకున్న రైతు ఉద్యమానికి పశ్చిమ ఉత్తరప్రదేశ్ నుంచి ట్రాక్టర్లు కదిలాయి. అదే ఏడాది నవంబర్ 19న, కేంద్రం ఆ సాగు చట్టాలను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించిన రోజే, తన కుటుంబాన్ని శాసనసభలో అవమానించారంటూ చంద్రబాబు నాయుడు విలేకరుల ముందు వెక్కివెక్కి ఏడ్చారు. అభిమానులు చలించిపోయారు, ప్రత్యర్థులు నాటకమన్నారు. 2019 సెప్టెంబర్ 7న విక్రమ్ ల్యాండర్‌తో సంబంధాలు తెగిపోయాక ఇస్రో చైర్మన్ కె. శివన్ ప్రధాని భుజం మీద ఏడ్చినప్పుడు దేశం ఆయనను ఓదార్చింది. మహిళా నేత ఇలా ఏడిస్తే? 1980లో కొడుకు సంజయ్‌ను పోగొట్టుకున్న ఇందిరాగాంధీ నల్ల కళ్లద్దాల వెనక ఉండిపోయారు. ఏడుపు ఆడవాళ్ల హక్కని చెప్పే సమాజమే, అధికారంలో ఉన్న మహిళకు ఆ హక్కు లేదంటుంది.

కన్నీళ్లకు ఎదుటివారిని మెత్తబరిచే గుణం ఉందన్నది మాత్రం ప్రయోగశాల దాకా వెళ్లింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో నోమ్ సోబెల్ బృందం విషాద చిత్రాలు చూసి ఏడ్చిన మహిళల కన్నీళ్లను పురుషులకు వాసన చూపించింది. ఉప్పునీటికీ వాటికీ తేడా వాళ్లు పోల్చలేకపోయారు. అయినా వాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గిందని 2011లో, ఒక ఆటలో ప్రత్యర్థి మీద కసి తీర్చుకునే ప్రవర్తన 43.7 శాతం తగ్గిందని 2023లో ప్రకటించింది. తొలి ప్రయోగంలో ఒక భాగాన్ని తిరిగి చేసి చూసిన డచ్ బృందానికి అదే ఫలితం రాలేదు. కాబట్టి భార్య కన్నీళ్లకు కరగని భర్తలు ఇంకా శాస్త్రాన్ని తోడు తెచ్చుకోనక్కర్లేదు.

గాట్లండ్ చెప్పిన పాఠం

ఇదంతా కాలక్షేపం కబుర్లుగా మిగిలిపోయేదే, ఆస్పత్రుల్లో దీనికి మూల్యం చెల్లించాల్సి రాకపోతే. బాల్టిక్ సముద్రంలో గాట్లండ్ అనే స్వీడన్ దీవి ఉంది. 1983, 84 సంవత్సరాల్లో అక్కడి సాధారణ వైద్యులందరికీ డిప్రెషన్‌ను గుర్తించడంలో, చికిత్స చేయడంలో శిక్షణ ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి దీవిలో ఆత్మహత్యలు గణనీయంగా తగ్గాయి. ప్రపంచమంతా ఆ కార్యక్రమాన్ని ఆదర్శంగా చెప్పుకొంది. తర్వాత సైకియాట్రిస్టు వోల్ఫ్‌గాంగ్ రుట్స్, ఆయన సహచరులు లెక్కలను విడదీసి చూస్తే అసలు విషయం బయటపడింది. తగ్గింది దాదాపు పూర్తిగా మహిళల ఆత్మహత్యలే. మగవాళ్ల సంఖ్య పెద్దగా కదల్లేదు.

ఎందుకని? వైద్యులు పాఠ్యపుస్తకంలో ఉన్న లక్షణాల కోసం చూశారు. విచారం, ఏడుపు, నిస్పృహ. మగవాళ్లు అసలు డాక్టర్ దగ్గరికి రాలేదు. వచ్చినవాళ్లు ఏడవలేదు. చిరాకు, ముక్కోపం, తాగుడు, తెగించిన పనులు, నిద్రలేమి. వాళ్ల కుంగుబాటు ఈ వేషాల్లో తిరిగింది. 2013లో అమెరికాలో లీసా మార్టిన్ బృందం దీన్ని అంకెల్లో చూపింది. మామూలు లక్షణాలకు కోపం, వ్యసనం, దుస్సాహసం వంటివి కూడా కలిపి లెక్కిస్తే డిప్రెషన్ పురుషుల్లో 30.6 శాతం, మహిళల్లో 33.3 శాతంగా తేలింది. 'రెట్టింపు' అన్న తేడా దాదాపు మాయమైంది. బెథెస్డాలో ఇద్దరూ చెప్పిన బాధ ఒకే స్థాయిలో ఉండటం ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

మన దేశపు అంకెలు దీనికంటే కఠినం. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో ప్రకారం 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకుంటే వారిలో 1,22,724 మంది పురుషులు. మొత్తంలో నాలుగో వంతుకు పైగా దినసరి కూలీలు. అప్పులు, పంట నష్టం, ఉద్యోగం, కుటుంబ కలహం, కారణాలు చాలా. అన్నిటినీ మింగిన ఏడుపు ఖాతాలో వేయడం అన్యాయం. కానీ రైతు ఆత్మహత్యల వార్తలకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పల్లెలకు వెళ్లిన విలేకరులకు భార్యల నోట పదేపదే వినిపించే మాట ఒకటే. 'ఒక్క ముక్కయినా చెప్పలేదు సార్. ముందురోజు కూడా మామూలుగానే ఉన్నాడు.'

అలాగని ఏడ్చేవాళ్లకు రక్షణ ఉందనుకుంటే పొరపాటు. 2016లో ప్రపంచంలో ఆత్మహత్యతో మరణించిన మహిళల్లో దాదాపు 37 శాతం మంది భారతీయులేనని లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో 2018లో వచ్చిన అధ్యయనం తేల్చింది. వాళ్లు ఏడవకపోవడం వల్ల పోలేదు. వాళ్ల ఏడుపు ఎవరికీ వార్త కాకపోవడం కూడా అందులో ఒక కారణం. 'ఆడదన్నాక ఏడుస్తుంది' అనే మాట 'మగాడు ఏడవకూడదు' అనే మాటకు కవల తోబుట్టువు. బాలింతల సంగతే చూడండి. కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో కళ్లు చెమర్చడం మామూలే, రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకుండా కొనసాగితే అది జబ్బు. భారత్‌లో కాన్పు తర్వాత డిప్రెషన్ మీద జరిగిన 38 పరిశోధనలను కలిపి 2017లో లెక్కేస్తే బాలింతల్లో 22 శాతం మందిలో అది కనిపించింది. పుట్టింటివాళ్లు 'బాలింత మనసు' అనీ, అత్తింటివాళ్లు 'గారాబం' అనీ అనుకుంటుండగానే నెలలు గడిచిపోతాయి.

ఏడిస్తే భారం దిగుతుందన్నది కూడా అందరి విషయంలో నిజం కాదు. మూడు వేలకు పైగా ఏడుపు అనుభవాలను పరిశీలించిన రాటెన్‌బర్గ్, బిల్స్‌మా, వింగర్‌హూట్స్ 2008లో చెప్పింది ఇది. ఎక్కువమందికి తర్వాత తేలికపడింది. మూడో వంతు మందికి ఏ మార్పూ లేదు. పదో వంతు మందికి ఇంకా బరువెక్కింది. పక్కన ఎవరున్నారు, ఏమన్నారు అన్నదాన్ని బట్టి చాలా మారిపోతుంది. ఓదార్చే భుజం దొరికితే ఒకలా, 'ఇక చాల్లే' అనే గొంతు వినిపిస్తే మరోలా.

వైద్యులకు ఈ సూక్ష్మం కొత్తదేమీ కాదు. ఆరన్ బెక్ 1961లో రూపొందించిన డిప్రెషన్ ప్రశ్నావళిలో పదో అంశం ఏడుపే. మామూలు కంటే ఎక్కువగా ఏడుస్తున్నారా అని మొదలై మెట్లు మెట్లుగా పెరుగుతుంది. అస్తమానం ఏడవడం పైమెట్టు అనుకుంటాం. కాదు. దానికంటే ఎక్కువ మార్కులు, గతంలో ఏడవగలిగి ఇప్పుడు ఏడవాలనుకున్నా ఏడుపు రానివారికి. గాట్లండ్ అనుభవం తర్వాత పురుషుల కోసం రూపొందించిన ప్రశ్నావళి ఏడుపుతో మొదలుపెట్టదు. ఒత్తిడి తట్టుకోలేకపోతున్నారా, చిరాకు పెరిగిందా, తాగుడు ఎక్కువైందా, పని మీద పడి ఊపిరాడనివ్వడం లేదా అని అడుగుతుంది. ఆ మార్పును మీరే గమనించారా, చుట్టూ ఉన్నవాళ్లు గమనించారా అని కూడా అడుగుతుంది.

2022 అక్టోబర్‌లో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబర్‌లో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. భర్త ఫోన్ చేయకపోతే భార్య చేయొచ్చు.